గాలి తిరిగింది, షటిల్ నెట్ విప్పేశాం. మీ పేటలో ఏం మారింది?

పాత_క్రేన్ · ఉదయం 7:10

శివరాత్రి దాటింది. చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, మన వైజాగ్‌లో పోయేంత చలి ఎప్పుడుందిలెండి. మనకి పోయేది నిలకడ. కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దున్న ఏడింటి వరకు ఆకు కదలదు. మా కాలనీ పార్కు పక్క ఖాళీ జాగాలో నెట్ కట్టుకుని షటిల్ ఆడేది ఆ నెలల్లోనే. ఈ వారం దక్షిణపు గాలి అందుకుంది. నేను కొట్టిన కాక్ నెట్ దాటి, లైను దాటి, ప్రహరీ దాటి పక్కింటివాళ్ళ తులసికోటలో పడింది. అవతలి జట్టు 'అవుట్' అంది. గాలి చేసిన పనికి నాకెందుకు శిక్ష అని కాసేపు వాదించాను. మా జట్టులో అందరం అరవై దాటినవాళ్ళమే, మోకాళ్ళ కంటే నోళ్ళు గట్టివి. చివరికి నెట్ విప్పి, మడతపెట్టి, వాచ్‌మన్ గది అటక మీద పడేశాం. మళ్ళీ దించేది దీపావళి అయ్యాకే.

నేను పోర్టులో బెర్తు మీద క్రేన్ నడిపి రిటైరైనవాణ్ణి. పైన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి క్యాలెండరుతో పనిలేదు. ఖాళీ హుక్కు ఎటు ఊగుతోందో చూస్తే ఏ నెలో తెలిసిపోయేది. గాలి హద్దు దాటితే మీటరు దగ్గర సైరన్ మోగుతుంది, పని ఆపేసి క్రేన్‌ని కట్టేయాలి. ఇప్పుడా మీటరు లేదు, షటిల్ కాకే దిక్కు.

నా వాదన ఒకటే. విశాఖపట్నంలో గాలి ఎటునుంచి వస్తోందన్నదే కాలం. ఎవరు ఏ ఆట ఎప్పుడు ఆడాలో కూడా గాలే చెప్తుంది. కాదనేవాళ్ళు రండి. అలాగే మీ పేటలో ఏది చూసి 'సీజన్ మారింది' అనుకుంటారో అదీ రాయండి.

గాజువాక_షిఫ్ట్ · ఉదయం 7:48

మాస్టారూ, మీది బీచ్ పక్క వేదాంతం. మా వైపు రెండే కాలాలు: ఉక్కపోత, బాగా ఉక్కపోత. ఏ షిఫ్టుకి వెళ్ళినా చొక్కా పిండుకోవడమే. గాలి ఎటునుంచి వచ్చినా మాకు దుమ్ము ఒకేలా వస్తుంది. ఇక స్టీల్ ప్లాంటు సంగతంటారా...

మోడరేటర్ · ఉదయం 7:55

ప్లాంటు రాజకీయాలకి వేరే థ్రెడ్ ఉంది. నాలుగు వందల కామెంట్లు దాటింది, అక్కడే కొట్టుకోండి. ఇక్కడ గాలి, ఆట, ఊరు.

సీతమ్మధార_అమ్మమ్మ · ఉదయం 9:20

క్రేన్ గారు చెప్పింది నేను ఒప్పుకుంటాను. నాకు షటిల్ తెలీదు, వడియాలు తెలుసు. డాబా మీద తెల్లగుడ్డ పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టి సగ్గుబియ్యం వడియాలు పెడతామా, పొడి పడమటి గాలి ఉంటే సాయంత్రానికి గలగలలాడతాయి. సముద్రం గాలి తగిలిందో, పైకి ఎండినట్టే ఉంటాయి, కింద వేలు పెడితే గుడ్డకి అతుక్కుని సాగుతాయి. మూడో రోజు కూడా అంతే. విజయనగరంలో మా చెల్లెలు ఒక్క పూటలో ఎండబెట్టేసి ఫోన్ చేసి మరీ చెప్తుంది. ఇద్దరికీ ఒకటే ఎండ, దాని డాబా మీదికి ఉప్పుగాలి రాదు, అంతే తేడా.

పడమటి గాలి మంచిదని కాదండోయ్. మే నెలలో మధ్యాహ్నం దాకా అదే గట్టిగా వీస్తే సముద్రం గాలి లోపలికి రాలేదు. ఆ రోజుల్లోనే మన ఊరు నలభై డిగ్రీలు దాటుతుంది. పదకొండింటికల్లా సముద్రం వైపు కిటికీ పరదా కదలకపోతే ఆ రోజు వంట తొందరగా ముగించేసి పొయ్యి ఆర్పేస్తాను.

మామిడి సంగతి కూడా. ఈసారి పూత బాగానే పట్టింది, పొగమంచు పట్టకపోతే సరి. సువర్ణరేఖలు, మా ఇంట్లో సుందరి అంటాం, బుగ్గ ఎర్రబడి రైతు బజార్‌కి వస్తే అప్పుడు వేసవి వచ్చినట్టు. బంగినపల్లి ఎవరైనా తెస్తారు, సుందరి మన జిల్లా సరుకు.

జాలారిపేట_కుర్రోడు · ఉదయం 10:05

మాస్టారు చెప్పింది కరెక్టు. మా ఇళ్ళల్లో గాలి మాట లేకుండా పూట గడవదు. నాన్న పొద్దున్నే లేచి మొహం కూడా కడుక్కోకుండా ఒడ్డుకెళ్ళి నిలబడతాడు. ఫోన్లో యాప్ చూపిస్తే "అది ఎక్కడో కూకుని చెప్తాది, నేను ఇక్కడ నిలబడి చెప్తన్నాను" అంటాడు.

మా క్రికెట్ కూడా గాలీ, పోటూ చూసుకునే. పోటు తగ్గాక తడి ఇసక గట్టిపడతాది, టెన్నిస్ బాల్ లేస్తాది. ఎండు ఇసకలో చచ్చిన బాలే. సముద్రంలో కొడితే అవుట్, ఈది తెచ్చుకోవాల్సింది కూడా కొట్టినోడే. మాకు ఈత పెద్ద పనేటి, అందుకే సముద్రంలోకి కొట్టడం ఎవడూ మానడు. వేసవి సాయంత్రం దక్షిణం ఎండ్ నుంచి బౌలింగ్ వేసేవోడికి పండగ. ఉత్తరం ఎండ్ ఎవరికిచ్చినా నడుం నొప్పి అంటాడు.

ఇక మాకు సీజన్ అంటే ఏప్రిల్ 15. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలూ, ఇంజిన్ బోట్లూ అన్నీ ఆపీస్తారు. తెప్పలకి ఉండదు. హార్బర్‌లో బోట్లన్నీ పక్కపక్కన కట్టీసి ఉంటాయి, వలలు అల్లుకోడం, రంగులేసుకోడం. మగోళ్ళందరూ ఒడ్డునే గదా, టోర్నమెంట్లు అప్పుడే పెడతాం. ఫైనల్ జూన్ మొదటి వారానికి అయిపోవాలి. తర్వాత పెడితే పదకొండు మంది దొరకరు, అంపైర్ కూడా వేటకి పోతాడు.

ఒకటే బాధ. పిచ్ వేసుకునే చోటు ఏడాదేడాదికీ సన్నబడిపోతంది.

పాత_క్రేన్ · ఉదయం 10:40

తమ్ముడూ, ఇసక మాట ఎత్తావు గనక చెప్తాను, ఇది నేను రోజూ పైనుంచి చూసిన సంగతి. నైరుతి గాలుల నెలల్లో అలలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఈశాన్యం వచ్చాక కొంత వెనక్కి తెస్తాయి గానీ, పోయినంతా రాదు. మధ్యలో డెబ్భైల్లో కట్టిన ఔటర్ హార్బర్ రాతి గోడలున్నాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసక అక్కడే నిలిచిపోతుంది. ఆర్కే బీచ్‌కి రావలసిన వాటా రాదు, ఉన్నది మాత్రం ఉత్తరానికి కదిలిపోతూనే ఉంటుంది. అందుకని అక్కడ చేరిన ఇసకని డ్రెడ్జర్‌తో తవ్వి బీచ్ వైపు పోస్తుంటారు. ఓడ ఒకటి ఒడ్డుకి దగ్గరగా వచ్చి నల్లటి నీళ్ళు చిమ్ముతుంటే "సముద్రంలోకి మురుగు వదిలేస్తున్నారు" అని ఫోటో పెట్టేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. మురుగు కాదయ్యా, మీరు నడిచే బీచే అది.

కాబట్టి మీ పిచ్ సన్నబడ్డానికి సగం కారణం గాలి, సగం కారణం నేను జీతం తీసుకున్న చోటు. ఏం చేస్తాం, ఓడలు రావాలి గదా.

పీఎంపాలెం_స్టాండ్ · ఉదయం 11:30

గాలి సరే, వాన మాటేమిటి? మన ఊరికి నైరుతిలో వచ్చే వాన ఒక ఎత్తు, సెప్టెంబరు అక్టోబరుల్లో బంగాళాఖాతంలో పుట్టేది ఒక ఎత్తు. షెడ్యూలు రాసేవాళ్ళు సరిగ్గా ఆ నెలల్లోనే మనకి మ్యాచ్ ఇస్తారు. గుర్తు చేసుకోండి:

2012 సెప్టెంబరు 8, న్యూజిలాండ్‌తో టీ20. క్యాన్సర్ నుంచి కోలుకున్నాక యువరాజ్ మొదటి మ్యాచ్. స్టేడియం కిటకిట. ఒక్క బంతి పడలేదు. మూడు రోజులాగి చెన్నైలో ఆడాడు, పేరు చెన్నైకి పోయింది.

2014 అక్టోబరు 14, వెస్టిండీస్‌తో వన్డే. రెండు రోజుల ముందు హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఇక మ్యాచ్ ఎక్కడిది.

అదే వెస్టిండీస్ 2018 అక్టోబరు 24న వచ్చింది. కోహ్లీ 157 నాటౌట్, వన్డేల్లో పదివేలు దాటింది ఆ రోజే. అటు షై హోప్ 123 నాటౌట్. ఆఖరి బంతికి ఐదు కావాలి, ఫోర్ కొట్టాడు. టై. నేను ఆ రాత్రి స్టాండ్‌లో ఉన్నాను, గెలిచామో ఓడామో తెలియక పక్కవాడూ నేనూ చప్పట్లు కొట్టాలా వద్దా అని మొహమొహాలు చూసుకున్నాం.

నవంబరు దాటితే వాన బెడద తగ్గుతుంది, మంచు మొదలవుతుంది. క్రేన్ గారి 'ఆకు కదలని' రాత్రుళ్ళే దానికి కారణం. గాలి ఆగి ఆకాశం తేటగా ఉంటే గడ్డి తడుస్తుంది, బంతి జారుతుంది, స్పిన్నర్ ప్రతి బంతికీ తువ్వాలు అడుగుతాడు. 2023 నవంబరులో ఆస్ట్రేలియా టీ20లో 208 కొట్టి కూడా ఇక్కడ ఓడింది. అంతా మంచు వల్లే అనను, సూర్యకుమార్ 80 కొట్టాడు. కానీ టాస్ గెలిచినవాడు ఫీల్డింగ్ తీసుకోవడం ఊరికే కాదు. వరుసగా 20 వన్డేల్లో టాస్ ఓడిన మనవాళ్ళు 2025 డిసెంబరులో దక్షిణాఫ్రికా మీద టాస్ గెలిచింది ఎక్కడనుకున్నారు? ఇక్కడే. బౌలింగ్ తీసుకున్నారు, తొమ్మిది వికెట్లతో గెలిచారు.

గాజువాక_షిఫ్ట్ · మధ్యాహ్నం 12:15

ధోనీని వదిలేశారేం? 2005 ఏప్రిల్ 5, పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148. ఏ గాలి, ఏ మంచు? ఏప్రిల్ ఎండలో నిలబడి కొట్టాడు. ఆటగాడికి దమ్ముంటే గాలీ ధూళీ లెక్కలేదని నా పాయింట్.

మా గాజువాక కుర్రాడి సంగతీ అంతే. నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో నంబర్లో దిగి 114 కొట్టాడు. వాళ్ళ నాన్న కొడుకు ఆట కోసం ఉద్యోగం వదిలేసుకున్న మనిషి. వంద కొట్టినప్పుడు ఆయన స్టాండ్‌లో ఏడుస్తుంటే మా వీధిలో సగంమంది ఏడ్చారు. మెల్‌బోర్న్‌లో గాలి ఎటు వీస్తుందో మాకెవరికీ తెలీదు.

పాత_క్రేన్ · మధ్యాహ్నం 12:50

షిఫ్ట్ గారూ, దమ్ము ఉండాలి, ఎవరు కాదన్నారు. కానీ గాలితో పనిలేని దమ్ము ఉండదని నా మాట. నేను మున్సిపల్ స్టేడియం కాలం వాణ్ణి. మీలో చాలామందికి ఊళ్ళో క్రికెట్ అంటే మధురవాడ కొండల పక్క స్టేడియమే. అంతకుముందు ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉండేది కదా. 1988 డిసెంబరులో న్యూజిలాండ్ వచ్చింది, అక్కడ మొదటి వన్డే. శ్రీకాంత్ ఓపెనింగ్ దిగి 70 కొట్టాడు. అది సరే, అతని పని అదే. తర్వాత బంతి తీసుకుని ఐదు వికెట్లు తీశాడు! ఎప్పుడో సరదాకి బౌలింగ్ వేసే మనిషి. మేం గ్యాలరీలో నోళ్ళు తెరుచుకుని చూశాం. బంతి గాల్లో ఆగి ఆగి వస్తోందని నా పక్కనున్న పెద్దాయన అన్నాడు. ఆయన ఆ మాట అన్నాడు గనకే నేను గాలి పట్టుకుని ఇన్నాళ్ళూ వేలాడుతున్నాననుకోండి.

1996 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా కూడా అక్కడే ఆడారు. మార్క్ వా 130. కెన్యా వాళ్ళకి మనవాళ్ళు కొట్టిన చప్పట్లు ఆస్ట్రేలియాకి కొట్టలేదు. ఓడేవాళ్ళ వైపు నిలబడ్డం మన ఊరి అలవాటు.

హర్డిల్స్_నాన్న · మధ్యాహ్నం 2:30

క్రికెట్టేనా? ఈ ఊరి పిల్ల జ్యోతి యర్రాజీ గురించి ఒక్కరూ రాయలేదు. గాలి కథ అంటే అసలు ఆమెదే.

పరుగు పందేల్లో వెనక గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే టైమింగ్ రికార్డుకి పనికిరాదు. 2022లో కోళికోడ్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అదీ 2002 నాటిది. రికార్డు బద్దలైందనుకునేలోపు గాలి లెక్క చూశారు: 2.1. కొట్టేశారు. పాయింట్ ఒకటి! తర్వాతి నెలలోనే సైప్రస్ వెళ్ళి 13.23తో నిఖార్సయిన రికార్డు పెట్టింది. మరుసటేడు బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్, వాన, ట్రాక్ మీద నీళ్ళు. అక్కడ స్వర్ణం గెలిచిన టైమింగ్ ఎంతనుకున్నారు? అదే 13.09. ఈసారి ఎవరూ కొట్టేయలేకపోయారు. ఆ తర్వాత 12.78 దాకా దిగింది, పారిస్ ఒలింపిక్స్‌కీ వెళ్ళింది.

పోర్ట్ స్కూల్లో చదువుకున్న పిల్ల. మా అమ్మాయి ఆరో తరగతి. టీవీలో ఆమెని చూసినప్పటి నుంచి ఇంట్లో స్టూళ్ళు వరసగా పెట్టి దూకుతోంది. రెండు విరిగాయి. (స్టూళ్ళే.) వేసవిలో ఎక్కడైనా చేర్పిద్దామని. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సీతమ్మధార_అమ్మమ్మ · సాయంత్రం 4:10

అమ్మాయిని దూకనివ్వు నాయనా, స్టూళ్ళు మళ్ళీ కొనుక్కోవచ్చు. మా రోజుల్లో ఆడపిల్ల గోడ దూకితే వీపు విమానం మోత మోగేది.

ఇక ఆటలంటే ఇవేనా? ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ లెక్కలోకి రాదా? 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, రాత్రంతా. కొండ చుట్టూ తిరిగి సముద్రం దగ్గరికొచ్చేసరికి గాలి ఒక్కసారి మొహానికి కొడుతుంది, అప్పటిదాకా ఈడ్చుకొచ్చిన కాళ్ళకి ప్రాణం వస్తుంది. దారి పొడుగునా పులిహోర, మజ్జిగ, పళ్ళు పంచుతుంటారు. మోకాళ్ళ నొప్పులని షటిల్ మానేసిన మా వారు అందులో మాత్రం నాకంటే ముందుంటారు. మజ్జిగ ఎక్కడ పంచుతున్నారో ఆయనకి ముందే వాసన తెలుస్తుంది.

పీఎంపాలెం_స్టాండ్ · సాయంత్రం 4:45

క్రేన్ గారూ, హుద్‌హుద్ రోజు మీరు డ్యూటీలో ఉన్నారా? గాలి గురించి ఇంత రాసి అది రాయలేదేం?

పాత_క్రేన్ · సాయంత్రం 6:20

రాయాలా వద్దా అనుకున్నాను. సరే.

2014 అక్టోబరు 12, ఆదివారం. ముందురోజే క్రేన్లన్నీ పిన్నులు వేసి, గొలుసులతో కట్టేశాం. నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నుంచీ ఉత్తరపు గాలి. గాలి అనకూడదు దాన్ని, తలుపు మీద మనిషి భుజం వేసి తోస్తున్నట్టుండేది. నేనూ మా అబ్బాయీ బీరువా జరిపి తలుపుకి అడ్డం పెట్టాం. కిటికీ అద్దం పోయింది. ఎదురింటి వాటర్ ట్యాంకు మా సందులో దొర్లింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చింది. జనం బయటికొచ్చారు, ఫోన్లతో ఫోటోలు తీస్తున్నారు, ఒకాయన పాల ప్యాకెట్ల కోసం సంచీ పట్టుకుని బయల్దేరాడు. నేను వీధిలో నిలబడి అరిచాను, లోపలికి పొండి, ఇది అయిపోలేదు, ఇప్పుడు అవతలి వైపునుంచి కొడుతుంది అని. కన్ను దాటితే గాలి దిక్కు తిరుగుతుంది. ఉత్తరం నుంచి కొట్టింది దక్షిణం నుంచి కొడుతుంది. సగంమంది విన్నారు. కాసేపటికి వచ్చింది. పొద్దున్న ఒకవైపుకి వాలి ఎలాగో నిలబడ్డ చెట్లు రెండో దెబ్బకి వేళ్ళతో సహా లేచాయి. మా వీధి మొగలో బాదం చెట్టు అలాగే పోయింది.

మర్నాడు డాబా ఎక్కితే కైలాసగిరి మీద పచ్చదనం లేదు. కాలిపోయిన కొండలా గోధుమరంగు. మా డాబా మీంచి అంతకుముందెప్పుడూ కనపడని సముద్రం కనిపించింది, మధ్యలో చెట్లు లేవు గదా. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. ఏటీఎంలు పనిచేయలేదు. అయినా ఆ వారం మా వీధి కుర్రాళ్ళు చేసిన పనేమిటో తెలుసా? ట్యూషన్ లేదు, టీవీ లేదు, బండ్లు తిరగట్లేదు. పడిపోయిన కొమ్మల్లోంచి వికెట్లు చెక్కుకుని రోడ్డు మధ్యలో పొద్దస్తమానం క్రికెట్ ఆడారు. నేనూ రెండు ఓవర్లు వేశాను.

జాలారిపేట_కుర్రోడు · సాయంత్రం 6:50

మా బోటు అప్పుడే పోయింది మాస్టారూ. నేను చిన్నోణ్ణి. నాన్న ముందురోజే ఒడ్డు మీదికి పైదాకా లాగి కట్టాడు, అయినా పోయింది. తర్వాత కొన్న బోటుకి తాడు రెండింతలు కొన్నాడు.

గాజువాక_షిఫ్ట్ · రాత్రి 8:15

సరే మాస్టారూ, సగం ఒప్పుకుంటున్నాను. ఉక్కపోత మాత్రం నాదే.

హర్డిల్స్ నాన్నగారూ, మే నెలలో జిల్లా క్రీడా శాఖ వాళ్ళు వేసవి శిక్షణ శిబిరాలు పెడతారు, అథ్లెటిక్స్ కూడా ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి పేపర్లో జిల్లా పేజీ చూస్తూ ఉండండి. మా అన్నయ్య కూతురు లాంగ్‌జంప్‌కి వెళ్ళింది. అనుభవం మీద రెండు మాటలు. మొదటి రోజే స్పైక్స్ కొనకండి, మామూలు రన్నింగ్ షూ చాలు, కోచ్ చెప్పాక చూసుకోవచ్చు. రెండోది, హర్డిల్స్ నేర్పండని వెంటబడకండి. ముందు చాలా రోజులు పరుగూ, ఒంటికాలి గెంతులూ, వ్యాయామాలే చేయిస్తారు, పిల్ల విసుక్కుంటుంది. బ్యాచ్ పొద్దున్నదే అడగండి, సాయంత్రం బ్యాచ్‌లో ఎదురుగాలి.

హర్డిల్స్_నాన్న · రాత్రి 8:40

చాలా థాంక్సండీ. ఎదురుగాలిలో పరిగెత్తితే బలం వస్తుంది, సాయంత్రమే వెళ్తానంటోంది మా అమ్మాయి. ఈ థ్రెడ్ మొత్తం చదివేసింది.

పాత_క్రేన్ · రాత్రి 8:52

ఆ అమ్మాయి చెప్పినట్టు చెయ్యండి.